అలొకేసియా పిల్ల దుంపల నుంచి ఇంట్లోనే కొత్త మొక్కలు: మట్టి తవ్వడం దగ్గర్నుంచి మూడో ఆకు దాకా

ఆకుల అందం కోసం పెంచుకునే అలొకేసియా రకం ఏదైనా మీ ఇంట్లో ఒక ఏడాదిగా కుండీలో ఉందంటే, పోలీ కానివ్వండి, ఫ్రైడెక్ కానివ్వండి, బ్లాక్ వెల్వెట్ కానివ్వండి, ఆ మట్టిలో మీకు తెలియకుండానే కొత్త మొక్కలు దాక్కుని ఉండే ఛాన్స్ చాలా ఎక్కువ. వేర్ల మధ్యలో గోధుమ రంగులో చిన్న చిన్న గడ్డలు ఉంటాయి, మిరియం గింజంత నుంచి గోళీకాయంత దాకా, రీపాటింగ్ చేసేటప్పుడు చాలామంది అవేవో రాళ్లనుకునో పాత ఎరువు గుళికలనుకునో మట్టితో పాటు పారబోసేస్తారు. ఇంగ్లీషులో కార్మ్స్ అనేది వీటినే. గార్డెనింగ్ గ్రూపుల్లో కొందరు బల్బ్స్ అంటున్నారు గానీ బల్బ్ అంటే ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉండాలి, ఇది కోస్తే లోపలంతా గట్టి గడ్డే, అందుకే నేను పిల్ల దుంపలు అనే రాస్తాను. నర్సరీలో వందలు పోసి కొనే మొక్క ఒక్కో పిల్ల దుంప నుంచి ఒక్కోటి వస్తుంది, పైసా ఖర్చు లేదు, కాకపోతే ఓపిక కావాలి.

ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. చేమదుంప, కంద వేసే రైతులు తరతరాలుగా చేస్తున్న పనే. చేమ, కంద, అలొకేసియా, కలేడియం, ఆంథూరియం, ఆఖరికి మన మనీప్లాంట్ కూడా అన్నీ ఏరేసీ అనే ఒకే కుటుంబం. చేమ మొక్కని పీకితే తల్లి దుంప చుట్టూ పిల్లలు ఎలా వేలాడుతుంటాయో అలొకేసియాకీ అలాగే వస్తాయి, సైజు చిన్నది అంతే. అయితే చేమ మన ఎండకీ మన మట్టికీ అలవాటు పడిపోయింది, ఇవి మాత్రం ఆగ్నేయాసియా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగేవి, జెబ్రీనా అనే రకం ఫిలిప్పీన్స్‌ది, బ్లాక్ వెల్వెట్ బోర్నియోది. అక్కడ ఏడాదంతా వెచ్చగా ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, నేల మీద కుళ్లిన ఆకుల పొర వదులుగా ఉంటుంది కాబట్టి వేర్లకి గాలి ఆడుతుంది. మనం ఒక ప్లాస్టిక్ డబ్బాలో సృష్టించాల్సింది ఈ మూడే.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. పిల్ల దుంప తన సద్దిమూట తనే కట్టుకుని బయల్దేరుతుంది, మొదటి ఆకుకీ మొదటి వేర్లకీ కావాల్సిన పిండి పదార్థం మొత్తం దాని లోపలే ఉంటుంది. కాబట్టి మొలకొచ్చే దాకా దానికి ఎరువు అక్కర్లేదు, బలమైన మట్టి అక్కర్లేదు, వేర్లు రావడానికి వాడే రూటింగ్ హార్మోన్ పౌడర్ అక్కర్లేదు, నీళ్లయితే మీరు అనుకునే దాంట్లో పావు వంతు కూడా అక్కర్లేదు. వెచ్చదనం, కొద్దిగా తడి, గాలి, అంతే. దుంపలు మొలకెత్తట్లేదు అని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నీళ్లు ఎక్కువై కుళ్లినవో, చలికాలంలో పెట్టి వెచ్చదనం చాలక నిద్రపోతున్నవో అయ్యుంటాయి.

ఏ మొక్కలకి కుదురుతుంది

అలొకేసియాల్లో దాదాపు అన్నిటికీ కుదురుతుంది. పోలీ, ఫ్రైడెక్ లాంటివి ధారాళంగా దుంపలు పెడతాయి, డ్రాగన్ స్కేల్, బ్లాక్ వెల్వెట్ లాంటి పొట్టి రకాలు కూడా పెడతాయి గానీ అవి మొలిచాక పెరగడం నిదానం. కలేడియం దుంపలకీ ఇదే పద్ధతి చాలావరకు పనికొస్తుంది, పైగా అది పెద్ద దుంప కాబట్టి ఒక్కో ముక్కకి ఒక్కో కన్ను ఉండేలా కోసి కూడా పెట్టుకోవచ్చు. ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, సింగోనియం వీటికి ఇలాంటి దుంపలు రావు, వాటిని కాండం మీద కణుపు చూసి కటింగ్ పెట్టుకోవాల్సిందే. కాబట్టి ఆన్‌లైన్‌లో ఎవరైనా మాన్‌స్టెరా కార్మ్స్ అని అమ్ముతుంటే ఫోటో ఎంత బాగున్నా పక్కకి జరిగిపోండి. జీజీ ప్లాంట్‌కి కింద బంగాళాదుంపలాంటిది ఉంటుంది కదా అంటారు, అది వేరే కథ, దాన్ని విడదీసి నాటుకోవచ్చు గానీ దానికి చుట్టూ ఇలా చిన్న దుంపలు చల్లినట్టు రావు.

ఇంకో మాట, పిల్ల దుంప విత్తనం కాదు, తల్లి మొక్కలోని ఒక భాగమే, అందుకని వచ్చేది అచ్చం తల్లే. తెల్లటి మచ్చలుండే వేరిగేటెడ్ రకాల దగ్గర మాత్రం ఈ గ్యారంటీ లేదు. ఒక దుంప పూర్తి పచ్చగా రావచ్చు, ఒకటి మచ్చలతో రావచ్చు, ఒకటి పూర్తి తెల్లగా వచ్చి పచ్చదనమే లేక కొన్నాళ్లకి చచ్చిపోవచ్చు. అందుకే వేరిగేటెడ్ దుంప అని వేలు పోసి కొనేవాళ్లు అది లాటరీ టికెట్ అని తెలిసి కొనడం మంచిది.

ఎప్పుడు తియ్యాలి

మన దగ్గర జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకా బెస్ట్. వానలు పడి వేడి కొంచెం తగ్గుతుంది, గాలిలో తేమ దానంతటదే ఉంటుంది, మీరు చెయ్యాల్సిన సగం పని వాతావరణమే చేసేస్తుంది. ఫిబ్రవరి, మార్చి కూడా పర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంట్లోపల మేనేజ్ చేసుకోవచ్చు గానీ రామగుండం, రెంటచింతల ఎండల్లో మూత పెట్టిన డబ్బాలో దుంప ఉడికిపోతుంది, వేసవిలో అక్కడ ఈ పని పెట్టుకోకండి. డిసెంబర్, జనవరిలో హైదరాబాద్‌లో రాత్రిళ్లు 15 డిగ్రీల దగ్గరకి, కొన్ని రోజులు ఇంకా కిందకి పడిపోతుంది, ఆ చలికి తల్లి మొక్కే ఆకులు రాల్చుకుని మూలుగుతుంటుంది, ఇక దుంప ఏం మొలుస్తుంది.

అమెరికా, యూకే, కెనడా లాంటి చోట్ల ఉండి చదువుతున్నవాళ్లకి డబ్బా కింద పరిచే హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పట్టా) ఉంటే ఏ నెలైనా ఒకటే. థర్మోస్టాట్ ఉన్నది తీసుకుని 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టేయండి, పగటి వెలుతురు తక్కువుండే నెలల్లో ఒక మామూలు గ్రో లైట్ రోజుకి 12 గంటలు చాలు.

తల్లి మొక్క కనీసం ఒక ఏడాది వయసుది, కుండీ నిండా వేర్లు పట్టేసినది అయితే దుంపలు బాగా దొరుకుతాయి. నిన్న గాక మొన్న కొన్న మొక్కని కార్మ్స్ కోసం తవ్వకండి, కొత్త ఇంటికి అలవాటు పడుతున్న మొక్కకి అదొక దెబ్బ.

తవ్వి తియ్యడం

మట్టి కొద్దిగా ఆరిన రోజు చూస్కోండి, బురదలో వేర్లు తెగుతాయి. ప్లాస్టిక్ కుండీ అయితే చుట్టూ నొక్కుతూ మొక్కని మట్టి ముద్దతో సహా పక్కకి వాల్చి జార్చండి. కింద న్యూస్ పేపర్ పరిచి వేర్ల మధ్య వేళ్లు పోనిచ్చి మెల్లగా విదిలించండి. పిల్ల దుంపలు కొన్ని తల్లికి సన్నటి తీగలాంటి దాంతో కలిసి ఉంటాయి, కొన్ని ఎప్పుడో ఊడిపోయి మట్టిలో విడిగా ఉంటాయి. తీగతో ఉన్నవి తేలిగ్గా మెలితిప్పితే వచ్చేస్తాయి. రాకపోతే బలవంతంగా లాగొద్దు, స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో ఆ తీగని కొంచెం ఉంచి కట్ చేయండి. కుండీలో మిగిలిన మట్టిని పారేయకుండా పాత పిండి జల్లెడ ఉంటే అందులో వేసి జల్లించండి, వేళ్లకి దొరకని దుంపలు చాలావరకు జల్లెడలో దొరుకుతాయి. జిగురు మట్టి ముద్దలో వచ్చిన నర్సరీ మొక్కలైతే విదిలిస్తే రాదు, బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి కడగండి.

చేతులకి గ్లౌజులు వేసుకోండి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ ఇక్కడ దురద మన చేతులకే. ఈ కుటుంబం మొక్కల రసంలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, కంద తరిగినప్పుడు దురద పుట్టేదీ వాటివల్లే. గ్లౌజులు లేకపోతే కంద తరిగే ముందు ఇంట్లో ఆడవాళ్లు చేసినట్టే చేతులకి కాస్త నూనె రాసుకున్నా చాలు, ఆ చేతులతో కళ్లు మాత్రం రుద్దుకోవద్దు. పిల్లలకి, కుక్కలకి, పిల్లులకి ఈ దుంపలు అందకుండా చూస్కోండి, చూడ్డానికి నట్స్‌లా ఉంటాయి కాబట్టి నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.

దొరికినవాటిని నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మంచిది. మెత్తగా ఉన్నా, నొక్కితే నీరొచ్చినా, వాసన కొట్టినా పారేయండి. ఖాళీ డొల్లలా నలిగిపోయేది ఎప్పుడో మొలిచి అయిపోయినది. నీళ్లలో వేస్తే మునిగేది మంచిది, తేలేది చెడ్డది అనే పరీక్ష వీడియోల్లో చూపిస్తుంటారు, నేను దాన్ని నమ్మను, పై తొక్కలో గాలి ఉండి తేలే మంచి దుంపలు ఉంటాయి. సైజు విషయానికొస్తే శనగ గింజంత, అంతకంటే పెద్దవి తీసుకోండి. మిరియం గింజంతవి కూడా మొలుస్తాయి గానీ లోపల సరుకు తక్కువ కాబట్టి ఎక్కువ భాగం మధ్యలోనే ఆగిపోతాయి, వాటిని తల్లి కుండీలోనే వదిలేస్తే అక్కడే పెరిగి పెద్దవవుతాయి.

తొక్క తియ్యాలా వద్దా

దీని మీద గ్రూపుల్లో పెద్ద యుద్ధాలే జరుగుతుంటాయి. దుంప మీద గోధుమ రంగులో కాగితంలాంటి, కొన్నిటికి బెరడులాంటి తొక్క ఉంటుంది. తీస్తే లోపల మీగడ రంగులోనో లేత ఆకుపచ్చగానో, కొన్నిటికి కొంచెం గులాబీ ఛాయలోనో నున్నటి గడ్డ కనిపిస్తుంది. తొక్క తియ్యడం వల్ల లాభం ఏంటంటే తడి లోపలికి తొందరగా పోతుంది, మొలక ఎక్కడుందో కనిపిస్తుంది, అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడైనా కుళ్లు మొదలైతే వెంటనే తెలుస్తుంది. నష్టం ఏంటంటే ఆ తొక్క దుంపకి కవచం, అది పోయాక మట్టిలో ఫంగస్‌కి తేలిగ్గా దొరుకుతుంది.

కాబట్టి నేను చెప్పేది ఇది: మాస్‌లోనో (తడిని పట్టుకునే ఎండు నాచు) పెర్లైట్‌లోనో (తెల్లటి తేలికైన గుళికలు) మూత డబ్బాలో పెట్టేటట్టయితే తొక్క తియ్యండి, నేరుగా మట్టిలో పెట్టేటట్టయితే ఉంచేయండి. తియ్యడానికి ముందు మామూలు నీళ్లలో కొన్ని గంటలు, లేదా రాత్రంతా నానబెడితే తొక్క మెత్తబడి గోటితోనే వచ్చేస్తుంది. మొన తేలిన వైపు నుంచి మొదలుపెట్టొద్దు, అక్కడే మొలక కన్ను ఉంటుంది, గోరు తగిలితే అది విరుగుతుంది. కింది వైపు నుంచి పైకి రండి. ఎక్కడైనా మొండిగా అతుక్కుంటే వదిలేయండి, కొంచెం తొక్క మిగిలినా ఏం కాదు.

ఒలిచాక ఫంగిసైడ్, అంటే ఫంగస్‌ని చంపే మందు, కలిపిన నీళ్లలో ముంచితే మంచిది. మన దగ్గర ఎరువుల షాపుల్లో దొరికే సాఫ్ పౌడర్, అంటే కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసినది, లీటరు నీళ్లకి 2 గ్రాములు కలిపి 10 నుంచి 15 నిమిషాలు ఉంచి తీసి, నీడలో అరగంట ఆరనివ్వండి. గ్లౌజులు వేసుకుని చేయండి, వంట గిన్నెల్లో కలపొద్దు. మందులు వద్దనుకునేవాళ్లు కోసిన చోట పసుపో దాల్చినచెక్క పొడో అద్దుకోవచ్చు, కానీ ఒకసారి లోపల కుళ్లు మొదలయ్యాక పసుపు దాన్ని ఆపలేదు. కంద రైతులు విత్తన ముక్కల్ని పేడ నీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టి నాటుతారు, అది పొలానికి బాగా పనిచేసే పద్ధతే, మూత పెట్టిన డబ్బాలో మాత్రం పేడ వద్దు, బూజు తోట తయారవుతుంది.

ఏది పైవైపు

దుంపని తిప్పి చూడండి. ఒక వైపు చిన్న మొన తేలి ఉంటుంది, అది పైకి. ఇంకో వైపు చిన్న బొడ్డులాంటి గుర్తు, లేదా తెగిన తీగ ముక్క ఉంటుంది, తల్లికి అతుక్కున్న చోటు అది, కిందకి. కొన్ని దుంపలు ఎటు చూసినా ఒకేలా ఉండి సతాయిస్తాయి, అలాంటివాటిని పక్కకి పడుకోబెట్టేయండి, మొలక తనే వంగి పైకి వస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ దుంపలకి వేర్లు కింద బొడ్డు దగ్గర్నుంచి రావు, ఎక్కువగా పైన మొలక మొదట్లో నుంచి వస్తాయి. అందుకే దుంపని తడి మీద ఊరికే ఆనించి పెట్టినప్పుడు మొలక వచ్చేసి వేర్లు గాల్లో వేలాడుతూ ఎండిపోతుంటాయి. మొలక కనిపించేదాకా సగం పైకి కనిపించేలా పెట్టినా పర్లేదు, మొలక అర సెంటీమీటర్ దాటాక దాని మొదలుకి తడి తగిలేలా కొంచెం లోపలికి సర్దండి.

దేంట్లో పెట్టాలి

స్ఫాగ్నమ్ మాస్ అందరూ చెప్పేది, బాగానే పనిచేస్తుంది కూడా. నానబెట్టి గట్టిగా పిండండి, ఇంకా పిండితే ఒకటి రెండు చుక్కలకి మించి రాకూడదు, అదే సరైన తడి. డబ్బాలో రెండు అంగుళాలు వదులుగా పరిచి, అదిమేయకుండా, దుంపల్ని సగం లోపలికి గుచ్చండి. మాస్‌తో వచ్చే చిక్కల్లా తర్వాత మట్టిలోకి మార్చేటప్పుడు, వేర్లు దాన్ని పట్టుకుని వదలవు.

పెర్లైట్ నాకు ఎక్కువ ఇష్టం. మొదట దాని మీద నీళ్లు చల్లి తడపండి, పొడిగా ఉన్నప్పుడు ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. పారదర్శకంగా ఉండే గ్లాసులో మూడింట రెండొంతులు పెర్లైట్ పోసి, అడుగున పావు వంతు ఎత్తు దాకా నీళ్లు నిలబెట్టండి. దుంప ఆ నీటి మట్టానికి బాగా పైన ఉండాలి, నీళ్లని పెర్లైటే పైకి లాక్కుంటుంది. ఎంత నీరుందో బయటికి కనిపిస్తుంది కాబట్టి అంచనా తప్పదు, గాలి బాగా ఆడుతుంది, కుళ్లడం తక్కువ, వేర్లు వచ్చాక ఊడదీయడం కూడా సులువే, నీళ్లలో ముంచితే పెర్లైట్ దానంతటదే రాలిపోతుంది.

కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, అన్నిటికంటే చవక, ప్రతి నర్సరీలో ఇటుకలు దొరుకుతాయి. కాకపోతే అందులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి కడిగి పిండాకే వాడాలి. ఒట్టి కోకోపీట్ నీటిని ఎక్కువగా పట్టేస్తుంది, సగానికి సగం పెర్లైట్, అది లేకపోతే కడిగిన ముతక ఇసుక కలపండి. 

కొందరు ఒట్టి నీళ్లలో పెడతారు. బాటిల్ మూతకి చిన్న కన్నం చేసి దుంపని అందులో కూర్చోబెట్టి అడుగు మాత్రమే నీటికి తగిలేలా పెడితే మొలుస్తుంది, మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాలి. చూడ్డానికి సరదాగా ఉంటుంది గానీ దుంప మొత్తం మునిగితే గ్యారంటీగా కుళ్లుతుంది, పైగా నీళ్లలో పుట్టిన వేర్లు మట్టికి అలవాటు పడటానికి మొరాయిస్తాయి. 

ఏ పద్ధతైనా నీళ్ల గురించి ఒక మాట. హైదరాబాద్‌లో చాలా ఏరియాల్లో బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి, మాస్ మీద, పెర్లైట్ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. వాన నీళ్లు పట్టుకుంటే అంతకంటే మంచిది లేదు, లేదంటే ఆర్వో నీళ్లు. ఏసీ నుంచి కారే నీళ్లలో కూడా ఉప్పులు దాదాపు ఉండవు, శుభ్రమైన బకెట్‌లో పట్టినవైతే వాడొచ్చు.

డబ్బా, చోటు, వెచ్చదనం

ప్రత్యేకంగా ఏదీ కొనకండి. మూత ఉన్న పారదర్శకమైన డబ్బా ఏదైనా చాలు, స్వీట్ షాపు బాక్సు, బిర్యానీ పార్సెల్ డబ్బా, కేక్ డోమ్. సబ్బుతో బాగా కడిగి ఆరబెట్టండి, నూనె జిడ్డు ఉంటే బూజు అక్కడే మొదలవుతుంది. పక్కపక్క దుంపలు తగలకుండా ఒక వేలు ఎడం ఇవ్వండి, ఒకటి కుళ్లినా పక్కదానికి అంటకుండా. రకాలు ఎక్కువుంటే పేరు, తేదీ రాసి టేప్ అంటించండి, ఒలిచాక అన్ని రకాలూ ఒకేలా కనిపిస్తాయి, తర్వాత ఏది ఏదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

ఉష్ణోగ్రత 24 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంటే పని జోరుగా సాగుతుంది. 18కి కిందకి వెళ్తే దుంప చచ్చిపోదు గానీ ఊరికే కూర్చుంటుంది, అలా తడిలో ఊరికే కూర్చున్నదే కుళ్లుతుంది. ఏసీ రాత్రంతా నడిచే బెడ్‌రూమ్ దీనికి పనికిరాదు. వంటగదిలో పై అల్మరా, వేడి వచ్చే ఫ్రిజ్ పైభాగం, వైఫై రౌటర్ పక్కన, ఇలాంటి గోరువెచ్చటి చోట్లు బాగుంటాయి. మొలక రాకముందు వెలుతురు పెద్దగా అక్కర్లేదు, మొలక పచ్చబడటం మొదలయ్యాక మాత్రం కిటికీ దగ్గర మంచి వెలుతురు కావాలి, నేరుగా ఎండ కాదు. మూత డబ్బా మీద పొద్దున్న తొమ్మిది దాటిన ఎండ ఒక గంట పడినా లోపల వేడి మామూలుగా ఉండదు.

రెండు మూడు రోజులకోసారి మూత తీసి ఒక ఐదు నిమిషాలు గాలి ఆడనివ్వండి. మూత లోపల సన్నగా ఆవిరి పట్టి ఉంటే తడి సరిపోయిందని. పెద్ద పెద్ద చుక్కలు కారుతుంటే ఎక్కువైందని, ఒక పూట మూత కొంచెం తెరిచి ఉంచండి. ఆవిరి అస్సలు లేకపోతే అప్పుడు స్ప్రే చేయండి, అదీ దుంప మీద కాదు, పక్కన.

ఎదురుచూడటం

వెచ్చగా ఉంటే మూడు నాలుగు వారాల్లో చాలావాటికి కదలిక కనిపిస్తుంది. కొన్ని రెండు మూడు నెలలు తీసుకుంటాయి, ఒకే తల్లి దుంపలు ఒకే డబ్బాలో పెట్టినా ఒకటి ముందు ఒకటి వెనక మొలుస్తాయి, అది మామూలే. దుంప గట్టిగా ఉన్నంత కాలం అది బతికున్నట్టే, పారేయకండి. రోజూ తీసి నొక్కి చూడటం మాత్రం మానేయండి, ఆ వచ్చే బుల్లి వేర్లు ఈ తీసి పెట్టడాల్లోనే తెగుతాయి.

మొదట మొన దగ్గర తెల్లగానో లేత గులాబీగానో ఒక మొగ్గలాంటిది వస్తుంది, తర్వాత దాని మొదట్లో తెల్లటి వేర్లు, తర్వాత ఆ మొగ్గ చీలి ఆకు. మొదటి ఆకు చూసి నిరాశపడొద్దు, చాలా రకాల్లో అది చిన్నగా, కొంచెం గుండ్రంగా ఉంటుంది, జెబ్రీనాకి చారల కాడ గానీ డ్రాగన్ స్కేల్‌కి పొలుసుల డిజైన్ గానీ అప్పుడే సరిగ్గా కనిపించవు. నాలుగైదు ఆకులయ్యాక అసలు పోలికలు బయటపడతాయి.

ఈ టైమ్‌లో తెల్లటి దూదిలాంటి బూజు కనిపిస్తే కంగారుపడి మొత్తం పారేయకండి. దుంపని తీసి, నీళ్లతో కడిగి, నొక్కి చూడండి, గట్టిగానే ఉంటే పైపైన పట్టిందే, ఫంగిసైడ్ నీళ్లలో ఇంకోసారి ముంచి కొత్త మాస్‌లో పెట్టి గాలి ఆడే టైమ్ పెంచండి. ఒక పక్క మాత్రమే మెత్తబడితే స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో ఆ భాగం తెల్లటి శుభ్రమైన గడ్డ కనిపించేదాకా కోసేసి, ఒక పూట ఆరబెట్టి, ఈసారి ఇంకా తక్కువ తడిలో పెట్టండి. మొన ఉన్న భాగం మిగిలితే ఛాన్స్ ఉంది, మొనే కుళ్లితే దాదాపు లేనట్టే.

మట్టిలోకి మార్చడం

చాలామంది తొందరపడేది ఇక్కడే, ఒక ఆకు రాగానే పెద్ద కుండీలో పెట్టేస్తారు. రెండు ఆకులు, నాలుగైదు సెంటీమీటర్ల వేర్లు వచ్చేదాకా ఆగండి. కుండీ మూడు అంగుళాలది చాలు, అడుగున కన్నాలు చేసిన టీ కప్పు అయినా సరే. పెద్ద కుండీలో మట్టి ఎక్కువ, వేర్లు తక్కువ కాబట్టి నీరు ఆరదు, ఇన్నాళ్లు కాపాడిన దుంప వారం పది రోజుల్లో కుళ్లుతుంది.

మిక్స్‌కి రెండు వంతులు కడిగిన కోకోపీట్, ఒక వంతు పెర్లైట్, ఒక వంతు కొబ్బరి పీచు ముక్కలు గానీ చిన్న బొగ్గు ముక్కలు గానీ, అర వంతు బాగా మాగిన వర్మీ కంపోస్ట్, గుప్పెడు వేప పిండి. ఎర్రమట్టి, నల్లమట్టి ఈ దశలో వద్దే వద్దు. నీళ్లు పోస్తే రెండు మూడు సెకన్లలో కింద నుంచి కారిపోవాలి, పైన నిలబడితే ఇంకొంచెం పెర్లైట్ కలపండి. మాస్‌లో పెంచినవైతే వేర్లకి చుట్టుకున్న మాస్‌ని పీకకండి, ఊడినంత ఊడదీసి మిగతాది అలాగే పెట్టేయండి. పాత దుంపని కూడా మొలక నుంచి విడదియ్యొద్దు, సద్ది అందులో ఇంకా మిగిలే ఉంటుంది. దుంప మీద సన్నగా ఒక పొర మట్టి కప్పితే చాలు, లోతుగా పాతొద్దు.

తర్వాత గాలికి అలవాటు చేయడం. డబ్బాలో తేమ బాగా ఎక్కువ ఉంటుంది, బయట హాల్లో ఫ్యాన్ కింద అంత ఉండదు, ఒక్కసారిగా బయట పెడితే మర్నాటికి ఆకు వేలాడిపోతుంది. కుండీని పారదర్శకమైన కవర్‌లోనో పెద్ద డబ్బాలోనో పెట్టి, మొదటి రెండు రోజులు రోజుకి ఒక గంట తెరవండి, తర్వాత పూట, తర్వాత పగలంతా, వారం పది రోజుల్లో పూర్తిగా బయటికి తెచ్చేయొచ్చు. వానాకాలంలో ఇది ఇంకా తొందరగా అయిపోతుంది. మధ్యలో పాత ఆకు ఒకటి పసుపు పడి రాలితే భయపడకండి, కొత్త ఆకు వస్తోందా లేదా అన్నదే చూడండి.

వేలు ఒక అంగుళం లోపలికి పెట్టి చూస్తే ఆరినట్టుంటేనే నీళ్లు. ఎరువు మూడో ఆకు విచ్చుకున్నాక మొదలుపెట్టండి, ఎన్‌పీకే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లాంటిది లీటరు నీళ్లకి అర గ్రాము, పదిహేను రోజులకోసారి, అదీ మట్టి తడిగా ఉన్నప్పుడే. అంతకంటే ఎక్కువ వేస్తే ఆకు అంచులు కాలిపోతాయి.

పురుగుల్లో వీటికి ప్రధాన శత్రువు ఎర్రనల్లి. గాలి పొడిగా ఉండే నెలల్లో ఆకు కింద సాలెగూడు లాంటి సన్నటి దారాలు, పైన ఇసుక చల్లినట్టు లేత చుక్కలు కనిపిస్తాయి. వారానికోసారి తడి గుడ్డతో ఆకుల్ని రెండు వైపులా తుడిస్తే సగం సమస్య అక్కడే పోతుంది, ఎక్కువైతే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేప నూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం పూట కొట్టండి, లేత ఆకు మీద ముందు ఒక మూల ట్రై చేసి చూసి. కుండీ చుట్టూ చిన్న నల్ల దోమలు ఎగురుతుంటే పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటోందని, నీళ్లు తగ్గించి పైన అర అంగుళం ముతక ఇసుక పరవండి.

డిసెంబర్ వచ్చేసరికి ఈ పిల్ల మొక్కలు కొన్ని ఆకులన్నీ రాల్చేసి మట్టిలో మాయమవచ్చు. చచ్చిపోయిందని కుండీ బోర్లించేయకండి, వేలితో కొంచెం తవ్వి దుంప నొక్కి చూడండి, గట్టిగా ఉంటే నిద్రలో ఉన్నట్టే. మట్టి పూర్తిగా ఎండిపోకుండా రెండు మూడు వారాలకోసారి కొద్దిగా తడి చూపిస్తూ వెచ్చటి చోట పెట్టండి, శివరాత్రి దాటి ఎండ ముదిరాక మళ్లీ మొలక తేలుతుంది. తల్లి మొక్క ఎప్పుడైనా నీళ్లెక్కువై మొదలంటా కుళ్లిపోయినా ఇదే మాట వర్తిస్తుంది, పారేసే ముందు ఆ మట్టిని ఒకసారి జల్లెడ పట్టండి.